ఫ్యాన్ కాసేపు ఆపుతారా అమ్మా?

డాక్యుమెంటరీలకు సౌండ్ రికార్డ్ చేయడం నా ఉద్యోగం. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు అమ్మాయి మేనమామ "అబ్బాయి సినిమా ఫీల్డా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. "సినిమాలేనండీ, కాకపోతే అందులో హీరో ఉండడు, పాటలుండవు, హాల్లో ఆడవు" అన్నాను. ఆ సంబంధం కుదరలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఎవరింటికి షూటింగ్‌కి వెళ్లినా, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగిన మరుక్షణం నేను అడిగేది ఒకటే: "ఫ్యాన్ కాసేపు ఆపుతారా అమ్మా?" మే నెలలో నల్గొండలో ఆ మాట అడగాలంటే మొహం కాస్త మందంగా ఉండాలి. ఫ్యాన్ తర్వాత ఫ్రిజ్ వంతు. కంటికది ఓ మూలనున్న పెట్టె. మైకుకి మాత్రం గదంతా పరుచుకున్న బుయ్యిమనే మోత. ఆపితే మళ్లీ వేయడం మరిచిపోతాం, పాపం వాళ్ల పాలు విరిగిపోతాయి. అందుకని మా వృత్తిలో ఒక అలవాటుంది. ఫ్రిజ్ స్విచ్ కట్టేయగానే బండి తాళం తీసి అందులో పెట్టేస్తాం. తాళం లేకుండా ఇంటికి పోలేం కదా, దానికోసం వెళ్తే స్విచ్ గుర్తొస్తుంది.

రెండో అలవాటు ఇంకా విడ్డూరం. ఇంటర్వ్యూ అయిపోయాక అందరినీ ఒక నిమిషం కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసుకుంటాం. దాన్ని రూమ్ టోన్ అంటాం. ఎడిటింగ్‌లో ఆ మనిషి మాటల మధ్య దగ్గు తీసేసినా, ఒక వాక్యాన్ని ముందుకు జరిపినా అక్కడ ఖాళీ పడుతుంది. ఆ ఖాళీని అదే గది నిశ్శబ్దంతో పూడ్చాలి, వేరే గదిది అతకదు. పోచంపల్లి వైపు ఒక నేత ఇంట్లో, గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకి ఈ సంగతంతా చెప్పి, "ఒక్క నిమిషం ఎవరం మాట్లాడొద్దమ్మా, రికార్డ్ చేసుకుంటా" అన్నాను. ఆమె నావంక జాలిగా చూసి, "మాట్లాడకుంటె ఏం రికార్డ్ చేస్తవు బిడ్డా?" అంది. ఆ నిమిషంలో పక్కింటి మగ్గం చప్పుడు, ఒక కోడి, దూరంగా బోరు మోటారు అన్నీ వచ్చి పడ్డాయి. సినిమాలో ఆమె మాటల అడుగున అవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. చూసినవాళ్లెవరూ గమనించలేదు. గమనించకపోతేనే నేను పని చేసినట్టు.

డాక్యుమెంటరీల గురించి మాట్లాడేవాళ్లంతా కెమెరా గురించే మాట్లాడతారు. ఏ కెమెరా, ఏ లెన్సు, ఎంత దగ్గరకు వెళ్లారు అని. నా రోజంతా హెడ్‌ఫోన్స్‌లోనే గడుస్తుంది కాబట్టి నాకు తట్టే ప్రశ్న వేరు. ఇందులో ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరి గురించి మాట్లాడుతున్నారు? ఆ ఇద్దరూ ఒకరేనా? డాక్యుమెంటరీ వందేళ్ల చరిత్రలో చాలాభాగం ఈ ప్రశ్న పట్టుకుని చదివేయొచ్చని నా నమ్మకం.

మా నాన్న తరానికి డాక్యుమెంటరీ అంటే అసలు బొమ్మ పడేముందు వేసే రీలు. కేంద్ర ప్రభుత్వం 1948లో ఫిలిమ్స్ డివిజన్‌ని పెట్టింది. దేశంలో ప్రతి సినిమా హాలూ షోకి ముందు దాని న్యూస్‌రీలో డాక్యుమెంటరీయో వేసి తీరాల్సి ఉండేది, అది అప్పట్లో లైసెన్సు షరతు. ఆనకట్టలు, ట్రాక్టర్లు, టీకాలు, రిబ్బను కత్తిరించే మంత్రిగారు. వీటన్నిటి మీదా ఒక గంభీరమైన గొంతు, తెలుగుతో సహా ఎన్నో భాషల్లో. "రీలు అయిపోయాక లోపలికి పోదాంలే" అని బయట పల్లీలు కొనుక్కుంటూ నిలబడేవాళ్లమని మా నాన్న చెప్పేవాడు. ఆ గొంతుకి తెలియని విషయం లేదు. తెర మీద రైతు కనిపిస్తాడు, పెదాలు కూడా కదులుతాయి, మాట మాత్రం గొంతుగారిదే.

అదంతా సర్కారు అహంకారం అని కొట్టిపారేయొచ్చు. కానీ సగం తప్పు యంత్రాలది. అప్పటి సినిమా కెమెరా కుట్టుమిషన్‌లా కొట్టుకునేది, దాని పక్కన మైకు పెడితే మనిషి మాట వినపడేది కాదు. చప్పుడు బయటికి రాకుండా దానికి బరువైన తొడుగు వేస్తే కదలదు. మాటని బొమ్మతో పాటు ఒకేసారి పట్టడాన్ని మేం సింక్ సౌండ్ అంటాం. అప్పట్లో దానికి స్టూడియో కావాలి, లేదంటే లారీడు సామాను వెంట ఉండాలి. పొలం గట్టు మీద రైతుని మాట్లాడించడం కంటే, బొంబాయిలో చల్లటి గదిలో కూర్చున్న మనిషి చేత చెప్పించడం ఎంతో చవక.

అంత కష్టంలోనూ చేసి చూపించినవాళ్లు ఉన్నారు. 1935లో లండన్ తూర్పు భాగంలో, స్టెప్నీ మురికివాడల్లో ఆర్థర్ ఎల్టన్, ఎడ్గార్ యాన్‌స్టీ అనే ఇద్దరు 'హౌసింగ్ ప్రాబ్లమ్స్' అని ఒక చిన్న సినిమా తీశారు. ఆ బరువంతా మోసుకెళ్లి ఇరుకు గదుల్లో పెట్టి, అక్కడుండే వాళ్లనే కెమెరా వైపు చూస్తూ మాట్లాడమన్నారు. గోడల్లో నల్లులు, మెట్లు కూలిపోవడం, ఇంట్లో దూరిన ఎలకని తరిమి చంపిన కథ, అన్నీ వాళ్ల నోటితోనే, వాళ్ల యాసతోనే. డబ్బులు పెట్టింది ఒక గ్యాసు వ్యాపార సంఘం. పాతిళ్లు పోయి కొత్తిళ్లు వస్తే గ్యాసు పొయ్యిలు అమ్ముడవుతాయని వాళ్ల లెక్క. డాక్యుమెంటరీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, దాని వెనక ఏ లెక్క ఉందో చూడటం ఆనాటి నుంచే అవసరం. ఆ లెక్కతో వచ్చిన డబ్బుతోనే ఆ ఆడవాళ్ల గొంతు మనదాకా వచ్చిందన్నదీ నిజమే.

తర్వాత పాతికేళ్లలోపే నా వృత్తికి దేవుడు దిగొచ్చాడు. పోలండ్‌లో పుట్టి స్విట్జర్లాండ్‌లో స్థిరపడిన స్టెఫాన్ కుడెల్‌స్కీ అనే ఇంజనీరు, భుజాన తగిలించుకునే టేపు రికార్డరు తయారుచేశాడు. దాని పేరు నాగ్రా. అదే సమయానికి చప్పుడు తక్కువ చేసే చేతి కెమెరాలూ వస్తున్నాయి. 1960 ఎండాకాలం పారిస్‌లో జ్యాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ కలిసి వీధిలో పోయేవాళ్లని ఆపి "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగిస్తూ ఒక సినిమా మొదలుపెట్టారు. 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్' అన్న పేరుతో మరుసటేడు విడుదలైంది. ఒకరు పరుగెడతారు, ఒకరు నవ్వుతారు, ఒక ముసలాయన నిలబడి కష్టం చెప్పుకుంటాడు. మైకు పట్టుకుని అడిగినవాళ్లలో ఒకమ్మాయి మార్సెలీన్ లోరిడాఁ.

ఆ సినిమాలో ఒక దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. మార్సెలీన్ పదిహేనేళ్ల వయసులో తండ్రితో పాటు నాజీలకు చిక్కి ఆష్విట్జ్‌కి వెళ్లిన యూదు పిల్ల. ఆమె తిరిగొచ్చింది, తండ్రి రాలేదు. భుజాన నాగ్రా, కోటు కింద మైకు తగిలించుకుని ఆమె ఖాళీ కూడలిలో ఒంటరిగా నడుస్తుంది. తర్వాత లే హాల్ బజారు ఇనప కప్పు కింద నడుస్తుంది. తనలో తాను గొణుక్కుంటున్నట్టు తండ్రితో మాట్లాడుతుంది. కెమెరా ఒక చిన్న కారులో ఉంది. ఇంజను మోత పడకూడదని దాన్ని చేత్తో తోస్తున్నారు. క్రమంగా ఆమెని వదిలి దూరం జరుగుతారు. మనిషి చిన్నదైపోతూ ఉంటుంది, గొంతు మాత్రం చెవి పక్కనే ఉంటుంది. ఆమె ఏం చెప్తోందో ఆ క్షణాన దర్శకులకి కూడా వినపడలేదు, టేపు విన్నాకే తెలిసింది. ఎదురుగా ప్రశ్నలడిగే మనిషి లేడు, మొహం మీద లైటు లేదు. రికార్డరు ఆమె భుజానే ఉంది. ఎప్పుడు మాట్లాడాలో, ఎంతవరకు చెప్పాలో ఆమె ఇష్టం. నా వృత్తిలోని మర్యాద ఎలా ఉండాలో నేను నేర్చుకున్నది ఈ నాలుగు నిమిషాల్లోనే అనొచ్చు.

అక్కడితో ఆగలేదు వాళ్లు. సినిమా కూర్చాక అందులో కనిపించినవాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి వేసి చూపించారు. వాళ్లేమన్నారో అదీ తీసి సినిమా చివర కలిపారు. కొందరు ఇదంతా నటన అన్నారు, కొందరు ఇంత బయటపడిపోవడం సిగ్గుమాలినతనం అన్నారు. అదే జనం, అదే సినిమా.

మన దగ్గరా ఆ గాలి వీచింది. ఫిలిమ్స్ డివిజన్ లోపలే, సర్కారు డబ్బుతోనే. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 'ఐ యామ్ 20' తీశాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పుట్టి, దేశంతో పాటు ఇరవై ఏళ్లు నిండిన కుర్రకారుని దేశమంతా తిరిగి మాట్లాడించాడు. ఒకరు దేశాన్ని నమ్ముతారు, ఒకరు నవ్వేస్తారు, ఒకరికి అసలు పట్టదు. ఏ గంభీరమైన గొంతూ వచ్చి వాళ్లని సరిదిద్దదు. ఎప్పుడూ ఆనకట్టలు చూపించే చోటినుంచే ఈ సినిమా వచ్చిందంటే, ఆఫీసుల్లోనూ మనుషులుంటారని ఒప్పుకోవాలి.

హైదరాబాద్ సంగతికొస్తాను. ఈ ఊళ్లో పుట్టిన దీపా ధన్‌రాజ్, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్, మరికొందరు స్నేహితులు 1980లో బెంగళూరులో యుగాంతర్ అనే బృందం పెట్టుకున్నారు. పుణేలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల మీద, నిప్పాణిలో పొగాకు కార్మికుల మీద వాళ్లతో కలిసి సినిమాలు తీశారు. 1984లో హైదరాబాద్ పాతబస్తీ మతకల్లోలాల్లో కాలిపోతున్నప్పుడు దీప కెమెరాతో ఇక్కడే ఉన్నారు. ఆ ఏడాది సంగతి పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అటు ఎన్టీఆర్‌ని గద్దె దించడం, మళ్లీ రావడం. ఇటు కర్ఫ్యూ. 1986లో వచ్చిన ఆమె సినిమా 'క్యా హువా ఇస్ షహర్ కో?'లో ఊరేగింపుల్లో నాయకుల ప్రసంగాలుంటాయి, కర్ఫ్యూలో కూలి పోయి ఇంట్లో కూర్చున్నవాళ్ల మాటలుంటాయి. మైకులో అరిచే గొంతు వెనకే ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. ఒకదాని పక్కన ఒకటి వింటే, ఆ గొడవ ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. చాలాకాలం ఈ సినిమా చూద్దామన్నా దొరికేది కాదు. తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ వాళ్లు ప్రింటుని బాగుచేసి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. మన ఊరి జ్ఞాపకాన్ని జర్మనీవాళ్లు దుమ్ము దులిపారన్నమాట.

దీపా ధన్‌రాజ్‌దే ఇంకోటి, 1991లో వచ్చిన 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్'. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల మీద. అందులో ఎన్ని ఆపరేషన్లు చేశాడో గొప్పగా చెప్పుకునే డాక్టరుంటాడు. అతన్ని ఎవరూ అడ్డుకోరు, వాదించరు. చెప్పనిస్తారు. ఇంకోపక్క ఆడవాళ్లు కొందరు గుంపుగా కూర్చుని తమ ఒంటి గురించి, కాన్పుల గురించి, కోరికల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఆ డాక్టరు లెక్కల్లో అంకెలుగా ఉన్నవాళ్లు ఇక్కడ జోకులు వేసుకుంటూ నవ్వుతుంటారు. అందులో నాకు గుర్తుండిపోయింది ఆ నవ్వే.

చెప్పనివ్వడం అన్నది వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఒకసారి ఆదిలాబాద్ వైపు పత్తి రైతుల మీద తీస్తున్నాం. భర్త పురుగుల మందు తాగి చనిపోయిన ఒకామెని దర్శకుడు "అప్పు ఎంతుండేదమ్మా?" అని అడిగాడు. ఆమె ఏం మాట్లాడలేదు. కొత్త కుర్రాడు, ఇబ్బంది పడిపోయి ఇంకో ప్రశ్న అందుకోబోయాడు. నా చెవుల్లో ఆమె ఊపిరి వినిపిస్తోంది, మాట గొంతుదాకా వస్తున్న ఊపిరి. చెయ్యెత్తి ఆగమన్నాను. చాలాసేపటికి అంది: "ఎంతనో ఆయనకే తెలుసు. నాకేం తెలుస్తది? సచ్చినంక ఒక్కొక్కలు వచ్చి చెప్పిన్రు." అప్పు మీద వచ్చిన రిపోర్టులు చాలా చదివాను గానీ, ఇంట్లో ఆడమనిషికి అప్పు సంగతి అప్పులవాళ్ల నోటివెంట తెలుస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. ప్రశ్నలో అడిగింది అంకె. ఆమె చెప్పింది ఆ ఇంటి సంసారం.

మా వాళ్లకి నేను తరచూ చెప్పే కథ ఒకటుంది. అమెరికాలో ఎరల్ మారిస్ అనే దర్శకుడు 1988లో 'ది థిన్ బ్లూ లైన్' తీశాడు. 1976లో డల్లాస్‌లో ఒక పోలీసు అధికారిని కాల్చి చంపారు. రాండల్ డేల్ ఆడమ్స్ అనే అతనికి మరణశిక్ష వేశారు. 1979లో శిక్ష అమలుకి మూడు రోజులుందనగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆపారు, తర్వాత అది యావజ్జీవమైంది. మారిస్ అసలు వెళ్లింది ఇతని కోసం కాదు. నిందితులకు వ్యతిరేకంగా కోర్టుల్లో సాక్ష్యం చెప్పే ఒక మానసిక వైద్యుడి మీద సినిమా తీద్దామని వెళ్లాడు. దారిలో ఈ ఖైదీ కథ తగిలింది. సాక్షుల్ని, పోలీసుల్ని, లాయర్లని కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఒక్కొక్కరి మాటకి తగ్గట్టు ఆ రాత్రి కాల్పుల్ని మళ్లీ మళ్లీ నటింపజేసి తీశాడు. ఒక సాక్షి చెప్పినట్టు ఒకసారి, ఇంకొకరు చెప్పినట్టు ఇంకోసారి. చూస్తుండగా వాళ్ల సాక్ష్యాలు మన కళ్లముందే కూలిపోతాయి.

అసలు నేరం చేసింది ఇతనేనని మనకి అనుమానం వచ్చే డేవిడ్ హ్యారిస్ అనే కుర్రాడితో చివరి ఇంటర్వ్యూ రోజున మారిస్ కెమెరా పాడైంది. చేతిలో చిన్న క్యాసెట్ రికార్డరు మాత్రం ఉంది. అందుకే సినిమా చివర తెర మీద మనిషి లేడు. ఒక టేపు రికార్డరు, అది తిరగడం, అంతే. ఆడమ్స్ నిర్దోషి అని ఆ గొంతు ఒప్పుకుంటుంది. ఎంతో ఖర్చుపెట్టి అందంగా తీసిన సినిమా మొత్తంలో ఆ బొమ్మలేని రెండు మూడు నిమిషాలే బరువైనవి. ఆడమ్స్ 1989లో విడుదలయ్యాడు. కెమెరామన్లు నా మీద జోకులేసినప్పుడల్లా నేను ఈ కథ చెప్తాను.

మారిస్ నటింపజేసి తీశాడు కదా, మరది అబద్ధం కాదా అని అడుగుతారు. అడగాల్సిందే. మొట్టమొదటి పెద్ద డాక్యుమెంటరీ అని అందరూ చెప్పే 1922 నాటి 'నానూక్ ఆఫ్ ది నార్త్'లోనే ఈ తగువు మొదలైంది. కెనడా ఉత్తరాన మంచుసీమలో రాబర్ట్ ఫ్లాహర్టీ తీశాడు. అందులో నానూక్ అనే పాత్ర అసలు పేరు అల్లకరియల్లక్. అప్పటికే వాళ్లు తుపాకులతో వేటాడుతున్నా బల్లేలతో వేటాడమన్నాడు. మంచు ఇంటిలో వెలుతురు చాలదని సగం కోసేసిన ఇల్లు కట్టించి, అందులో పడుకున్నట్టు తీశాడు. ఒక దృశ్యంలో గ్రామఫోన్ రికార్డుని ఏమిటో తెలియనట్టు నానూక్ పంటితో కొరికి చూస్తాడు, ఆ మనిషికి అదేంటో తెలిసే ఉన్నా. మూకీ సినిమాలో గ్రామఫోన్ మీద వేసిన జోకు, అదీ అమాయకుడన్న ముద్ర వేయడానికి. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే మింగుడుపడనిది అదే. బల్లెం వేటని క్షమించగలను, వాళ్ల తాతల పద్ధతి అది.

దీనికంటే ఘోరం 1958లో డిస్నీ 'వైట్ వైల్డర్‌నెస్'. లెమ్మింగ్‌లనే చిన్న ఎలకజాతి ప్రాణులు గుంపుగా వెళ్లి నీళ్లలో దూకి ఆత్మహత్య చేసుకుంటాయని అందులో చూపించారు. ఆస్కార్ కూడా వచ్చింది. సముద్రమే లేని అల్బర్టా రాష్ట్రానికి వాటిని తెప్పించి, మంచు పరిచిన తిరిగే బల్ల మీద పరిగెత్తించి, నదిలోకి తోసి తీశారని 1982లో కెనడా టీవీ బయటపెట్టింది. ఆ ప్రాణుల ఆత్మహత్య కథ మాత్రం ఇంకా సామెతలా తిరుగుతూనే ఉంది. టీవీలో తెలుగు డబ్బింగుతో వచ్చే జంతువుల కార్యక్రమాలు మా అబ్బాయి కన్నార్పకుండా చూస్తాడు. కిలోమీటరు దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన ఎలుగుబంటి అడుగుల చప్పుడు అంత దగ్గరగా ఎలా వినిపిస్తోందిరా అని అడిగితే వాడికి కోపం. మైకుకి జూమ్ లెన్సు లేదు. మంచు మీద అడుగుల చప్పుడు చాలామటుకు స్టూడియోలో పుట్టిందే, మొక్కజొన్న పిండి సంచిని నలిపితే అచ్చం అలాగే ఉంటుంది. ఇది మోసమని నేననను. లెమ్మింగ్‌లని నీళ్లలోకి తోయడానికీ దీనికీ తేడా ఉంది, అక్కడ జరగని సంగతిని జరిగిందని చెప్పారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ పేరు చాలామంది విని ఉండరు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసరుగా పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్, ఆయన మిత్రులు అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ నడిపారు. జొన్న, సజ్జ, కొర్ర పండించే దళిత ఆడవాళ్ల సంఘాలు. వాళ్లలో కొందరికి వీడియో కెమెరా నేర్పారు. బడి ముఖం చూడనివాళ్లు, బటన్ల మీద ఇంగ్లిషు అక్షరాలు చదవలేనివాళ్లు. కానీ కెమెరా ఎక్కడ పెట్టాలో వాళ్లు ఆలోచించినట్టు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ ఆలోచించరేమో. పైనుంచి కిందికి చూసే షాట్‌ని మేం టాప్ యాంగిల్ అంటాం. వాళ్లు దాన్ని పటేల్ షాట్ అన్నారు. గుర్రం మీదినుంచో, అరుగు మీదినుంచో పటేల్ కూలివాళ్లని అలాగే కదా చూసేది. కిందినుంచి పైకి పెడితే అది జీతగాడు తలెత్తి దొరని చూసే చూపు. కంటికి సమానంగా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ కిందే, ఒకే చాప మీద కూర్చుంటారు. ఎవరిని తీసినా సంఘం షాట్‌లోనే తీయాలన్నది వాళ్ల నియమం. నేను దీన్ని మైకుకి అన్వయించుకున్నాను. కుర్చీలో కూర్చుని కింద కూర్చున్న మనిషి ముందు మైకు తగిలించిన బూమ్ కర్ర చాపడం మానేశాను. నడుం నొప్పి వచ్చినా సరే, కిందే.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఈ ఆడవాళ్లు వరంగల్ జిల్లాకి వెళ్లి, విత్తనం పెట్టిన రైతుల వెంట ఆ పంటకాలమంతా తిరిగారు. 2003లో వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారు అన్న అర్థం వచ్చే పేరుతో ఆ సినిమా వచ్చింది. అది ఒక పక్షం వహించిన సినిమా, ఆ సంగతి దాచుకోదు కూడా. బీటీ మీద వాదం వేరే, అది ఇంకా తెగలేదు. నాకు నచ్చింది ఇంటర్వ్యూల తీరు. అడిగే మనిషీ రైతే. "ఎన్ని సంచులు వేసినవ్? ఏ మందు కొట్టినవ్?" లాంటి ప్రశ్నలకి రైతు ఆఫీసరుకి చెప్పినట్టు చెప్పడు, పక్క చేను మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. తర్వాత వాళ్లు ఇదే పత్తి కథ వెంటపడి దక్షిణాఫ్రికా, మాలి లాంటి చోట్లకీ కెమెరా తీసుకెళ్లారు. 2008లో పక్కనే మాచ్‌నూర్‌లో వాళ్లదే సంఘం రేడియో మొదలైంది.

ఈ మధ్య వచ్చినవాటిలో శౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' గురించి ఒక్క మాట. ఢిల్లీ వజీరాబాద్‌లో ఇద్దరన్నదమ్ములు, నేలమాళిగలో సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే చిన్న వ్యాపారం. గాలి కాలుష్యానికి, మాంజా దారాలకి కిందపడే గద్దల్ని తెచ్చి ఆ నేలమాళిగలోనే వైద్యం చేస్తుంటారు. 2022లో సన్‌డాన్స్, కాన్ ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో బహుమతులొచ్చాయి, ఆ తర్వాత ఆస్కార్ నామినేషన్ కూడా. ఒక దృశ్యంలో గద్ద వచ్చి వాళ్ల దగ్గర పనిచేసే కుర్రాడి కళ్లజోడు తన్నుకుపోతుంది, దాన్ని ఎవరూ రాసి తీయలేరు. అదే కాలంలో ఢిల్లీలో పౌరసత్వ చట్టం గొడవలు, అల్లర్లు నడుస్తున్నాయి. ముస్లిం కుటుంబం కథ కాబట్టి ఇంకో దర్శకుడైతే కెమెరాని వీధిలోకి పరిగెత్తించేవాడు. ఇక్కడ అల్లరి ఎక్కువగా దూరం నుంచి వచ్చే చప్పుడుగా, ఫోన్లో మాటగా ఇంట్లోకి వస్తుంది. భయం అలాగే కదా వచ్చేది.

రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' ఆస్కార్ దాకా వెళ్లిందని పేపర్లలో చదివే ఉంటారు. దళిత మహిళలు నడిపే ఖబర్ లహరియా పత్రిక కథ. అంతకుముందు ఈ జంటే అప్పటి మన అనంతపురం జిల్లాలో బీడు నేలని పచ్చగా మార్చిన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మీద ఒక చిన్న సినిమా తీసి జాతీయ అవార్డు తెచ్చుకున్న సంగతి మనవాళ్లలో తక్కువమందికి తెలుసు.

ఇక డబ్బు సంగతి, నాకు కాస్త నిద్ర పట్టనివ్వనిది. కెమెరా ముందు తన బతుకంతా విప్పి చెప్పిన మనిషికి మనం ఏం బాకీ ఉన్నాం? ఫ్రాన్స్‌లో ఒకే టీచరుండే పల్లె బడి మీద నికోలా ఫిలిబేర్ 2002లో 'ఎత్ర్ ఎ అవ్వార్' తీశాడు. ఎవరూ ఊహించనంతగా ఆడింది. ఆ టీచరు తనకీ వాటా కావాలని కోర్టుకెళ్లాడు, ఓడిపోయాడు. జైలు నుంచి బయటికొచ్చిన ఆడమ్స్ కూడా తన కథ మీద హక్కు తనకే కావాలని, తనని విడిపించిన దర్శకుడి మీదే కేసు వేశాడు, తర్వాత రాజీ అయ్యారు. డబ్బిచ్చి మాట్లాడిస్తే మాట మారిపోతుందన్నది మా వృత్తిలో పాత వాదన. అందులో నిజముంది. ఆ వాదన చేసే మా అందరికీ రోజు బత్తా ముడుతుందన్నదీ నిజమే. కనీసం కూలి పోయిన రోజుకి కూలి ఇవ్వాలి, సినిమా అయ్యాక వాళ్ల ఊళ్లో వేసి చూపించాలి. రూష్, మొరాఁ అరవయ్యేళ్ల కిందటే చేసిన ఆ రెండో పనిని మాలో చాలామంది ఇంకా చేయరు.

తీసినా చూపించడం ఒక యుద్ధం. ఆనంద్ పట్వర్ధన్ సినిమాలకి జాతీయ అవార్డులిచ్చిన ప్రభుత్వమే వాటిని దూరదర్శన్‌లో వేయనంది. ఆయన ప్రతిసారీ కోర్టుకెక్కాడు. 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్' ప్రసారం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2006లో గెలిచాడు. ఆయన 'జై భీమ్ కామ్రేడ్' పద్నాలుగేళ్ల పని. 1997లో బొంబాయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చనిపోయాక విలాస్ ఘోగ్రే అనే గాయకుడు ఉరేసుకున్నాడు. అతను పట్వర్ధన్ పాత సినిమా 'బాంబే అవర్ సిటీ'లో పాడినవాడు. ఆ పాటగాడి నుంచే కొత్త సినిమా మొదలైంది. మూడు గంటల సినిమా, నిండా పాటలే. మొదట్లో పెళ్లిచూపుల్లో పాటలుండవన్నాను గానీ, ఇది మినహాయింపు.

మన తెలుగు ఛానెళ్లలో వీటికి చోటు లేదు, అడిగితే రేటింగ్ రాదంటారు. హైదరాబాద్‌లో ఉంటే బంజారాహిల్స్ లామకాన్‌లో అప్పుడప్పుడూ వేస్తుంటారు, టికెట్ ఉండదు, సమోసా చవక. కేరళలో ఏటా తిరువనంతపురంలో డాక్యుమెంటరీ పండుగే జరుగుతుంది. ఊళ్లలో ఉన్నవాళ్లకి యూట్యూబ్ ఉంది. ఫిలిమ్స్ డివిజన్ పాత సినిమాలు చాలానే అందులో ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలని అడిగితే నేను 'ఐ యామ్ 20' చెప్తాను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. బాలానగర్‌లో ఉండే మా బావమరిది అలాగే మొదలుపెట్టి, మరుసటి ఆదివారం ఫోన్ చేసి ఆ కుర్రాళ్లంతా ఇప్పుడేం చేస్తున్నారు బావా అని అడిగాడు. వాళ్లకి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. వాళ్లలో కొందరినైనా వెతికి మళ్లీ మాట్లాడిస్తే బాగుంటుందని ఒక దర్శకురాలితో అన్నాను, ఆమె డబ్బు కోసం తిరుగుతోంది.